దారం కళ్లజోడు

పుట్టుచెవుడున్న మనవరాలు ఫిన్నీని బధిరుల బడిలో చేర్చడానికి శాలేమురాజు రేపల్లె నుంచి బాపట్ల వచ్చాడు. పనయ్యాక కళ్లజోడు బాగుచేయించుకోవాలి. ఒకవైపు కాడ విరిగితే, దారం కట్టి చెవికి చుట్టుకుంటున్నాడు. పిల్లేమో అతని చొక్కా వదలదు. ఏడిస్తే తిరుగు బస్సెక్కించేద్దామనే అనుకున్నాడు.

ఇంతలో బడిలోని ఒక పెద్దపిల్ల ఫిన్నీ బుగ్గసొట్ట చూసి, తన బుగ్గమీద వేలుపెట్టి తిప్పింది. మిగతా పిల్లలూ అలాగే తిప్పారు.

"ఇక్కడ సైగల్లో అదేనండి మీ మనవరాలి పేరు," అంది స్వర్ణలత టీచరు.

ఫిన్నీ చొక్కా వదిలేసింది. తాతను చూపించి, తన చెవిచుట్టూ వేలు తిప్పింది. పిల్లలంతా కిలకిలా నవ్వుతూ వేళ్లు తిప్పారు.

"మీకూ పేరొచ్చింది బాబాయిగారూ! కళ్లజోళ్ల షాపు అడిగారుగా, ఆ సందు చివరండి."

శాలేమురాజు దారం బిగించుకున్నాడు. "వద్దులేమ్మా. బాగుచేయిస్తే పేరు పోదూ?"