చూరులో దోపిన కళ్ళెం

ఆళ్లగడ్డ పక్క పల్లెలో చెన్నకేశవులు ఇంటి గుర్రాన్ని పన్నెండేండ్లుగా సాకుతున్నవాడు సంజీవయ్య. గుర్రం పేరు పావురాయి, బూడిదరంగు ఆడగుర్రం. పిల్లప్పుడు ఎవడో మహానుభావుడు ముళ్ళ కళ్ళెం వేసి గుంజితే దాని నాలుక సగం తెగింది. అది ఈ ఇంటికి వచ్చిన నాడే సంజీవయ్య ఆ ఇనుమును తీసి కొట్టం చూరులో దోపేశాడు. పారేసేవాడే, కానీ యజమాని వస్తువాయె. నూలుతాడు పేని, ముక్కు మీదుగా ఒక చుట్టు, చెవుల వెనకగా ఒక చుట్టు వేసి, దానికే పగ్గాలు కట్టాడు. కళ్ళెం లేని గుర్రం ఎక్కేవాడికి మెదడు కూడా లేదని ఊరు నవ్వింది. తాడు మెదిలితే ఆగడం, మోకాలు తగిలితే తిరగడం చూశాక నవ్వినవాళ్ళే నోళ్ళు మూసుకున్నారు.

డెబ్బై తొమ్మిదిలో చెన్నకేశవులు జీపు కొన్నాడు. ఇక గుర్రం దండగైపోయింది. నంద్యాలలో పెండ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే శేషయ్య బేరానికి వస్తున్నాడని విన్నప్పటి నుంచి సంజీవయ్యకు ముద్ద దిగలేదు. అమ్మకం ఆపడం తన చేతిలో లేదు. ఆ నోట్లో మళ్ళీ ఇనుము పడకుండా ఉంటే చాలు, అదొక్కటే ఆయన కోరిక.

"తాడుకే చెప్పినట్టు వింటాదని చూపిస్తా," అన్నాడు భార్య సువార్తమ్మతో. "చూసినాక ఆయప్పే కళ్ళెం వద్దంటాడు."

"ప్రార్థన చేసుకోని పో. ఎక్కువ చేయబాక," అందామె.

శేషయ్య ఒక పనివాణ్ణి వెంటేసుకుని వచ్చాడు. సంజీవయ్య పావురాయిని ఎక్కి నడిపించాడు, పరిగెత్తించాడు, రెండు వేళ్ళతో తాడు లాగి ఉన్నచోటే నిలబెట్టాడు. శేషయ్య తల ఊపాడు.

"పర్వాలేదప్పా. తాడుతోనే తోలుకుంటాంలే."

అక్కడ దిగిపోవలసింది. దిగలేదు పిచ్చి మనిషి. పన్నెండేండ్ల ప్రేమ, గర్వం కలిసి నెత్తికెక్కాయి. వాములదొడ్డి చుట్టూ మనిషి రొమ్ము ఎత్తున కంపదడి ఉంది. పావురాయిని దానివైపు తిప్పి, పగ్గాలు మెడ మీద వదిలేసి, జూలు పట్టుకుని ముందుకు వంగాడు. అది చెవులు నిక్కించి, నాలుగు అంగల్లో వేగం అందుకుని లేచింది. ఒక్క ముల్లు తగలలేదు. అవతల దిగి, వెనక్కి తిరిగి, మళ్ళీ దుమికి వచ్చి వీపు మీదున్న ఆయన వైపే మెడ తిప్పింది. దుమికినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టడం ఆయన అలవాటు.

ఆయన బెల్లం తీసేలోపే చెన్నకేశవులు చప్పట్లు కొట్టాడు. శేషయ్య కొట్టలేదు.

"ఇంత ఎత్తు దుంకుతాదా ఇది? మేళాలు, టపాసులు, చుట్టూ ఆడోళ్ళు పిల్లోళ్ళు. మీద పెండ్లికొడుకు. బెదిరి జనం మీదికి దుంకితే తాడుతో యాడ ఆపేదప్పా?"

"నేను చెబితేనే దుంకుతాదన్నా. లేకుంటే దుంకదు."

"నువ్వు ఆడ ఉండవు కదా."

"వస్తాన్నా. కూలీ వద్దు, కూడు పెట్టు చాలు."

"నాకు మనుషులుండారు. కళ్ళెం వేస్తేనే తోలుకపోతా, లేకుంటే లేదు."

చెన్నకేశవులు ఎక్కువ ఆలోచించలేదు. "సంజీవా, కొట్టం చూరులో పాత కళ్ళెం ఉండాల. బేగా తీసుకరా."

సంజీవయ్య దిగి పోయి తెచ్చాడు. ముళ్ళు తుప్పుపట్టాయే గాని మొద్దుబారలేదు. పనివాడు దాన్ని అందుకుని దగ్గరికి పోతే, పావురాయి ఆ వాసనకే పళ్ళు బిగించి తల పైకెత్తింది. నోరు తెరిపించేందుకు దాని పెదవికి చుట్టి మెలిపెట్టాలని వాడు నడుముకున్న తాడు విప్పాడు. వాడి చేతుల్లో అది ఎంత నలుగుతుందో సంజీవయ్యకు తెలుసు.

"నువ్వు ముట్టొద్దు. నేనే వేస్తా," అన్నాడు.

పంచె కొంగులోని బెల్లం ముక్క తీసి అరచేతిలో పెట్టాడు. కళ్ళెం పట్టిన చేయి వెనక్కి పెట్టుకున్నాడు. పావురాయి అనుమానంగా ఒకసారి ఊపిరి పీల్చింది. చేయి ఆయనదే. తల దించి నోరు తెరిచింది.

ఇనుము లోపలికి పోయాక కూడా అది పెనుగులాడలేదు. బెల్లాన్ని ఇనుముతో కలిపి కాసేపు నమిలింది. ఎర్రటి చొంగ ఆయన వేళ్ళ మీద పడింది. దడి దుమికింది రెండుసార్లు కదా, రెండో ముక్క కోసం ఆయన కొంగు వెతుక్కుంటూ మూతి చాపింది.