బిగుతు కోటు

ఆ కోటు అలా బల్లమీద కుప్పగా పడేస్తారా, హేంగరుకి తగిలించాలన్న ఇంగితం ఈ విచారణ గదిలో ఒక్కరికీ లేదు అనుకుంది ఆవిడ, ఇంకెవరు తొడుక్కుంటారులే అని వెంటనే తట్టింది, ఏడు నెలలైంది సభావేదిక మెట్లమీద కాల్పులు జరిగి, మొదటి తూటా నాయకుడికి, రెండోది ఆయన అంగరక్షకుడైన తన మొగుడి వీపుకి, ఇద్దరూ పోయారు, వీపున తగిలిందంటే పారిపోతున్నట్టేగా అని పేపర్లన్నీ తేల్చేశాయి, ఇప్పుడు బోనులో రెండో గార్డు, ఆ పొడుగాయన, తన చేతి టీ పదేళ్ళు తాగినవాడు, అతను వెన్ను చూపి ఉరికాడండి, నేనే ఎదురు నిలిచి కాల్చానండి అంటున్నాడు, నీ నోట్లో మన్ను పడ, బస్సు వెళ్ళిపోతున్నా పరిగెత్తని మనిషయ్యా ఆయన.

కానీ ఆ కోటు కుట్టింది తనే, పాతికేళ్ళ దర్జీపనిలో తన కుట్టు విడిందన్న మాట లేదు, ఆ పొద్దున తొడుక్కుని, ఏమే, వీపు దగ్గర పట్టేస్తోంది, చేతులు ముందుకి రావట్లేదు అన్నాడు, పొట్ట తగ్గించుకోండి, నా కుట్టుకి వంక పెట్టకండి అని దబాయించింది, సాయంత్రం వదులు చేస్తాలెండి అంది, ఆ సాయంత్రం రానేలేదు, తుపాకీ తీయబోతే చెయ్యి ఆడలేదేమో, నేనే కట్టేశానేమో, ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి.

అమ్మా, ఇది మీవారిదేనా చూడండి అన్నారు జడ్జిగారు, తూటా రంధ్రం వైపు చూడకుండా అలవాటుగా కోటు తిరగేసింది, వేళ్ళు వాటంతటవే చంక కుట్ల మీదికి వెళ్ళాయి, వెనకవైపు, కుడిపక్క జానెడు పిగిలింది, ఎడమపక్కా, సరిగ్గా అంతే, ఆగండి ఆగండి, ఈ చిరుగులు చూడండి అంది, ఆసుపత్రిలో విప్పేటప్పుడు చిరిగుంటుందమ్మా అని సర్కారు లాయరు, వాళ్ళు ముందువైపు కత్తెరతో కోశారు బాబూ, అదిగో ఆ కోత, మీ కోటూ బిగుతేగా, కాస్త పరిగెత్తండి, జడ్జిగారు తలూపారు, పాపం లాయరు బెంచీల మధ్య ఆయాసపడుతూ ఉరికాడు, జనం నవ్వారు, ఒక్క పోగు తెగలేదు, ఇప్పుడు ఆ మూలనున్న ఫైళ్ళ బీరువాని రెండు చేతులా గట్టిగా కావలించుకోండి, ఇంకా గట్టిగా, మీ ప్రాణం అందులో ఉందనుకోండి, పర్రుమంది, చంకల వెనక, రెండు పక్కలా, నవ్వు టక్కున ఆగిపోయింది.

నువ్వు చూశావా అసలు అని జడ్జిగారు బోను వైపు తిరిగారు, పొడుగాయన తల వాలిపోయింది, చూళ్ళేదండి, వేదికమీది బల్ల కింద దూరానండి, గదంతా గొల్లుమంది, పేపర్లవాళ్ళు తలుపుకేసి పరుగు, రాయండి నాయనా, ఈసారి సరిగ్గా రాయండి, ఆవిడకి ఆ గోలేదీ పట్టలేదు, తెగిన పోగుల్ని బొటనవేలితో నిమురుతోంది, ఇవి జంటకుట్లు, ఏనుగు లాగినా విడవవని గొప్పలు పోయేది, ఆయన తెంచేశాడు, కూలిపోతున్న నాయకుణ్ణి రెండు చేతులా పొదువుకుని వీపు అడ్డం పెట్టాడు, నా కుట్టు ఓడిపోయింది, హమ్మయ్య, ఓడిపోయింది, ఆయన చేతులు ముందుకొచ్చాయి.