వడ్డించిన అమ్మాయికి

నేను హోటల్లో వడ్డిస్తాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. సిగ్గంతా మా తోడికోడలిదే.

ఆవిడ మా బావగారి భార్య. ఓ మధ్యాహ్నం తన ఆఫీసు స్నేహితురాళ్లను వెంటేసుకుని మా హోటల్‌కే వచ్చింది. ఆ రోజు నాకు సెలవనుకుందేమో. నేను "అక్కా" అనబోయేలోపే, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసి, "అమ్మాయ్, ముందు మంచినీళ్లు తీసుకురా" అంది. మంచినీళ్లు తెచ్చి, అందరికీ వడ్డించాను. లేచేటప్పుడు ఓ నోటు మడిచి నా అరచేతిలో పెట్టి, "ఉంచుకో" అంది. అంతటితో ఆగినా బాగుండేది. మేనేజరుకు చీటీ కూడా రాసిచ్చింది: "వడ్డించిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. ధన్యవాదాలు."

టిప్పు నాకు కొత్త కాదు. ముక్కూమొహం తెలియనివాళ్లిస్తే కళ్లకద్దుకుని తీసుకుంటాను. అయినవాళ్లిస్తే మాత్రం అది టిప్పు కాదు, "నువ్వు నాకేమీ కావు" అని చెప్పడం. మేనేజరేమో మురిసిపోయి ఆ చీటీని వంటగది గుమ్మం పక్కనే అంటించాడు. పళ్లేలు పట్టుకుని అటు వెళ్లినప్పుడల్లా కంటపడి కడుపు మండేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేది మనమనిషేనని ఒప్పుకోలేనివాళ్లు ఏ బంతిలో కూర్చుంటేనేం?

మా ఆయనకు చెబితే, "పోనిద్దూ, వదిన సంగతి తెలిసిందేగా" అన్నాడు. ఆయన దేన్నైనా పోనిస్తాడు. నేను పోనివ్వను.

నెల తిరక్కుండా ఆవిడే ఫోన్ చేసింది. "శనివారం మా ఆఫీసువాళ్లు భోజనానికొస్తున్నారు. నువ్వొచ్చి కాస్త వడ్డించి పెట్టు. నీకు అలవాటేగా."

"అంతకంటేనా అక్కా" అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

శనివారం వెళ్తూ దారిలో ఓ మంచి కవరు కొన్నాను. దాన్ని వాడాలా వద్దా అన్నది ఆవిడ నోటిమాట మీదే వదిలేశాను. నలుగురిలో "మా తోడికోడలు" అని ఒక్కసారి అంటే చాలు, అన్నీ దిగమింగి గిన్నెలు కూడా కడిగి వచ్చేదాన్ని.

నేను వెళ్లేసరికి అందరూ బల్ల చుట్టూ సర్దుకున్నారు. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ కళ్లతోనే వంటగది వైపు చూపించింది. నేను చూడనట్టు రుమాలు ఒళ్లో పరుచుకున్నాను.

"ఈవిడ్ని ఎక్కడో చూసినట్టుందే?" అంది కళ్లజోడు పెట్టుకున్న స్నేహితురాలు.

"మా వీధిలోనే ఉంటారు. తెలిసినవాళ్లు" అంది మా తోడికోడలు.

అయితే సరే. తెలిసినవాళ్లంటే అతిథి. అతిథిని లేచి వడ్డించమనడం కుదరదుగా, పాపం! తనే కొంగు దోపుకుంది.

"కాస్త కూర వేస్తారా?" అన్నాను. వేసింది. "మంచినీళ్లు." తెచ్చింది. "చెంచా కిందపడింది, ఇంకోటి ఇప్పిస్తారా?" ఇచ్చింది. వంటగదికీ బల్లకీ తిరిగి తిరిగి ఆవిడ ముఖం మీది పౌడరు చారలు కట్టింది. నాకు మాత్రం ప్రతి ముద్దా అమృతంలా దిగింది.

భోజనం అయ్యాక చేతులు కడుక్కునే నెపంతో వెళ్లి చీటీ రాశాను. ఆ రోజు ఆవిడిచ్చిన నోటుతో సహా కవర్లో పెట్టి, నా పళ్లెం అంచు కిందకి తోశాను. పళ్లేలు తీయడానికి సాయమొచ్చిన కళ్లజోడావిడకే అది దొరికింది. ఏదో సరదా చీటీ అనుకుందేమో, విప్పి పైకే చదివేసింది.

"వడ్డన బాగుంది. మనిషే ఇంకాస్త మర్యాద నేర్చుకోవాలి. ఉంచుకోండి."

మా తోడికోడలి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇంటికి భోజనానికొచ్చి టిప్పు పెడతారా?" అంటూ కళ్లజోడావిడ నా వైపు తిరిగి, ఒక్కసారిగా గుర్తుపట్టింది. "మీరు ఆ రోజు హోటల్లో వడ్డించిన అమ్మాయి కదూ! ఇంతకీ ఈవిడకు మీరేమవుతారు?"

"ఆవిడ్నే అడగండి" అన్నాను.

అందరూ అటు తిరిగారు. ఆవిడ నా వైపు చూసింది, ఈ గండం గట్టెక్కించమని. జాలి పడవలసిందేమో. పడలేదు.

"మా... మా తోడికోడలు" అంది, నేల చూపులు చూస్తూ.

"ఇంకాస్త గట్టిగా చెప్పక్కా" అన్నాను. "ఆ చివరివాళ్లకు వినపడలేదు."