తేలని తీజ్ తేదీ

"అడ్మిన్ పనంటే ఉత్తదా?" అన్నాడు సోమ్లా మళ్లీ.

"ఏడాది సంది చూస్తున్న గద," అంది అతని భార్య మంగ్లి పెనం మీద రొట్టె తిప్పుతూ.

ఏన్కూరు దగ్గరి వాళ్ల తండాకు సోమ్లా వాట్సాప్ గ్రూపు పెట్టి సంవత్సరం నిండింది. పొద్దున పువ్వుల బొమ్మలు, రాత్రి దండాలు, మధ్యలో ఎవరి పుట్టినరోజుకో చప్పట్లు. ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ పండుగ ఎప్పుడన్నది మాత్రం తేలలేదు. వెనకటికి తండా పెద్ద నాయక్ ఒక్క కేక వేస్తే ఆ రాత్రికే గోధుమలు నానేవి. ఇప్పుడు వాదించుకునే లోపే శ్రావణం సగం కరిగిపోయింది. తీజ్ పెళ్లికాని పిల్లలదే. కూతురు సోనికి వచ్చే మాఘంలో పెళ్లి.

"ఓటింగ్ పెట్టిన. అందరు చెప్పాలె గద!"

"అవ్, హైదరాబాద్‌ల ఉన్నోళ్లు ఓటేస్తరు. మొలకలకు నీళ్లు గూడ ఆడికెళ్లే పోస్తరు."

అత్త కిసుక్కున నవ్వింది. కొడుకు కోటేష్ ఫోన్ పక్కన పెట్టాడు. సోని మాత్రం నవ్వలేదు.

మంగ్లి పొయ్యి ఆర్పి అందరి మధ్యా కూర్చుంది.

"రేపు మనింట్ల గోధుమలు నానేస్తున్న," అంది మెల్లగా. "వచ్చే పిల్లలు వస్తరు. ఒక్క సోని బుట్టే అయినా సరే."