దించే ముందు ఒక్క చెంచా

“బొరుగులు ఇంకో రెండు సేర్లు తడుపు ఇందిరా, పెద్దకడుబూరు నుంచి రంగప్ప కూడా మనుషుల్ని తీసుకొని వస్తాండాడు” అని మావారు వసారాలోంచి కేకేశారు. నేను అప్పటికే గంపెడు బొరుగులు తడిపి, నీళ్ళు పిండేసి పక్కన పెట్టాను. ఆదివారమంటే మా ఇంట్లో రైతుల కమిటీ. కమిటీ అంటే ఆ బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, రెండు విడతల కాఫీ, వీటన్నిటి మధ్య దేశం సంగతి.

మావారు భీమసేనరావు ఆదోని హైస్కూల్లో టీచరు. ఎనభై ఏడో సంవత్సరం అది. ఎక్కడో జెనీవాలో దేశదేశాల పెద్దలు కూర్చుని వ్యాపార ఒప్పందాలు రాసుకుంటున్నారని, వాకిళ్ళు తెరిస్తే మన పంటకి దిక్కుండదని, ఇప్పటికే ఓడల్లో వచ్చి పడుతున్న పామాయిల్ వల్ల వేరుశనగ ధర కుంగిపోయిందని ఊరూరా తిరిగి చెప్పేవారు. ఊరందరికీ చెప్పారు గానీ నాకెప్పుడూ కూర్చోబెట్టి చెప్పలేదు. కరపత్రాలు రాసీ రాసీ నాకే తెలిసింది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని స్టెన్సిల్ కాగితం మీద నేనే రాయాలి. ఒకసారి “ఈ ఒప్పందానికి మనవాళ్ళు ఒప్పుకోకపోతే ఏమవుతుందండీ?” అని అడిగితే, “నువ్వు రాయి చాలు, అర్థం చేసుకునే పని మాకొదిలెయ్” అని నవ్వారు. కమిటీవాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకిప్పటికీ కోపం. మనిషి చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసే మనిషి. కాకపోతే వంటిల్లు అనే చోటు ఆయన దేశపటంలో లేదు.

అందుకే ఆ సంగతి ఆయనకి రెండేళ్ళుగా తెలియలేదు. మా ఇంట్లో వంట పామాయిల్‌తోనే. రైతు దగ్గర కాయ ధర పడిపోయినా అంగడిలో నూనె ధర మాత్రం దిగి రాలేదు. ఆ వింత ఏ కరపత్రంలోనూ రాయమని నాకు చెప్పలేదు. నేనే రేషన్ షాపు వరసలో నిలబడి డబ్బాలో పామాయిల్ పోయించుకొచ్చేదాన్ని. వేరుశనగ నూనె చిన్న సీసాడు కొని గూట్లో దాచేదాన్ని. అంతా రేషన్ నూనెతో వండి, దించే ముందు ఆ సీసాలోంచి ఒక్క చెంచా పైన పోస్తే చాలు, ఇల్లంతా మన నూనె వాసనే. “ఎంతైనా మన నూనె రుచే వేరు” అని కళ్ళు మూసుకొని తినేవారు. ఆ ముఖం చూస్తే నాకు ముద్దొచ్చేది. పోయిన మా అత్తగారికి మాత్రం తెలుసు. “వానికి చెప్పొద్దు ఇందిరా, ఊరికే నొచ్చుకుంటాడు” అంది. కొడుకు నొచ్చుకోకూడదని ఆమె, మొగుడు నొచ్చుకోకూడదని నేను, ఇద్దరం కలిసి ఆ చెంచాతో నెట్టుకొచ్చాం.

అంతకుముందు గురువారం హులిగమ్మ వచ్చింది. నూనె మిల్లులో గింజలు ఏరే మనిషి. పెరటి మెట్టు దాటి లోపలికి రాదు, రమ్మని ఇన్నేళ్ళలో నేనూ అనలేదు. ఆమె చేతిలో నేను రాసిన కరపత్రమే ఉంది. ప్రతి ఇల్లాలూ ఇంట్లో ఉన్న పామాయిల్ తెచ్చి మండలాఫీసు ముందు రోడ్డు మీద పారబోయాలని అందులో ఉంది. నేను వెళ్ళి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాను.

“ఇది నువ్వు రాసినావంట గదమ్మా?”

“రాసింది నేనే. చెప్పింది సారు.”

“పారబోయమనేకి నీకు మనసెట్లొచ్చె? బుడ్డలు రాక మిల్లు మూసి మూడు వారాలాయ. మా పని పోయింది ఆ పరదేశం నూనెతోనే, నాకు తెల్దా? అయితే ఇంట్లో ఉండేదీ అదే. అది గూడా రోడ్డు మీద పోస్తే పిల్లోల్లకి తాలింపు దేంతో పెట్టల్ల? మావోల్లు ఎవురూ రారమ్మా. నేను గూడా రాను.”

మా వైపు వేరుశనగని బుడ్డలంటారు. ఆమె తిట్టలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, “బుడ్డల నూనె తినే ఇండ్లు మీవి. మీకు తెల్దులే” అంది. మా ఇంట్లోనూ అదేనే అనబోయి మానుకున్నాను. మొగుడి దగ్గర ప్రేమ కొద్దీ దాచాను, ఈమె దగ్గర ఎందుకు దాచినట్టు? పరువు కోసమే. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇదంతా తలుచుకుంటూనే ఆ ఆదివారం బజ్జీలు వేశాను, ఉగ్గాని కలిపాను. గూట్లో సీసా వైపు చెయ్యి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

రెండో ముద్దకే మావారు తలెత్తారు. “ఏమే, ఈ పొద్దు వాసన లేదే? నూనె మార్చినావా?”

“లేదండీ. రెండేళ్ళుగా ఇదే నూనె, రేషన్‌ది. రోజూ మంచి నూనె ఒక చెంచా పైన పోసేదాన్ని, ఈ రోజు పోయలేదు.”

ఆయన ముఖం ఎర్రబడింది. నేను అక్కడే నిలబడ్డాను. రంగప్ప బజ్జీ పళ్ళెంలో పెట్టి, “మా ఇంట్లోనూ అదే సార్” అన్నాడు. “బుడ్డలు పండించేది మేము, తినేది ఇది. మీకు సెప్పేకి సిగ్గయింది.”

నేను హులిగమ్మ చెప్పిందంతా చెప్పాను. మూసిన మిల్లు గురించి ఒక్క ముక్క రాయకుండా, ఉన్న నూనె పారబొయ్యమంటే ఆడవాళ్ళు రారని చెప్పాను. మావారు పళ్ళెం పక్కన పెట్టి, “అయితే ఏం రాయల్ల?” అని అడిగారు. పదహారేళ్ళ కాపురంలో ఆయన నా సలహా అడగడం అదే మొదటిసారేమో.

“నాకూ తెలీదు. వాళ్ళని అడిగొచ్చి రాస్తాను” అన్నాను.

అందరూ వెళ్ళాక ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. “నాకెందుకు చెప్పలేదు?”

“మీరు కళ్ళు మూసుకొని తింటుంటే చూడటం నాకిష్టం.”

ఆయన మిగిలిన ఉగ్గాని పళ్ళెంలో పెట్టుకొని, అక్కడే గడప మీద కూర్చుని, కళ్ళు తెరిచే తిన్నారు. నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే హులిగమ్మ పెరటి వైపు వచ్చింది. ముందు వాకిలికి రమ్మన్నాను, వచ్చింది. ఇద్దరం పెద్దకడుబూరు బస్సెక్కాలి, ఏం రాయాలో చెప్పేందుకు అక్కడ కూలి ఆడవాళ్ళు మా కోసం కూడుతున్నారు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే మావారు నా వెనకే తిరుగుతూ, “మరి కమిటీ వస్తాది గదా, ఉగ్గాని ఎట్ల?” అన్నారు.

“బొరుగులు గంపలో ఉన్నాయి, నూనె డబ్బాలో ఉంది” అన్నాను. “సీసా గూట్లో ఉంది. దించే ముందు ఒక్క చెంచా పొయ్యండి. అంతకన్నా ఎక్కువ పొయ్యకండి, నెలాఖరు దాకా రావాలి.”