రెండో స్లాట్‌లోని ర్యామ్

ఫోన్ మోగేసరికి నేను పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో, రిసెప్షన్ బల్ల కింద దూరి వైర్లు సర్దుతున్నాను. ఇంటి నుంచి అని చూడగానే చిరాకేసింది. పని మధ్యలో ఫోన్ చేయొద్దని ఎన్నేళ్ళుగానో చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను.

"ఏమండీ, కంప్యూటర్ రావట్లేదు," అంది మా ఆవిడ.

గోడ గడియారం చూశాను. పదీ ఏడు. పదకొండింటికి ఆవిడ పరీక్ష.

ఆరేళ్ళుగా మందుల షాపులో, లైసెన్సు ఉన్న ఒకాయన చేతి కింద పనిచేస్తోంది. పనంతా ఈవిడది, సంతకం ఆయనది. ఆ లైసెన్సు తనకే రావాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి. ఎవరికైనా మూడుసార్లే అవకాశం. మొదటిసారి ఒంట్లో బాగాలేక పోయింది, రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. ఇది మూడోది, ఆఖరిది. ఇంట్లోంచే, కెమెరా ఉన్న కంప్యూటర్ మీదే రాయాలి. పదకొండు దాటితే లోపలికి రానివ్వరు. నేనున్న చోటి నుంచి ఇంటికి ఎంత తొందరపడినా గంట పడుతుంది.

"పక్కింటి వాళ్ళని అడిగావా?"

"ఇంటికి తాళం వేసుంది. పైవాళ్ళకి కంప్యూటరే లేదు. ఏం చేయాలో చెప్పండి."

కంప్యూటర్లు బాగుచేసేవాడి ఇంట్లో కంప్యూటర్ పనిచేయకపోవడం ఎంత నామర్దానో ముందు అదే తట్టింది నాకు. నా బుద్ధి అలాంటిది. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉండి మనుషుల మీద నమ్మకం పోయింది. కీబోర్డు మీద టీ ఒలకబోసుకుంటారు, తెచ్చి నా ముందు పెట్టి "నేనేం చేయలేదండీ, దానంతటదే పోయింది" అంటారు. అందుకే నేను ఎవరి మీదా జాలిపడను, వరసగా ప్రశ్నలు వేస్తాను. ఆ రోజు మా ఆవిడకీ అదే మర్యాద దక్కింది.

"లైటు వెలిగిందా?"

"వెలిగింది."

"ఫ్యాన్ తిరుగుతోందా? వెనక చెయ్యి పెట్టి చూడు."

"గాలి వస్తోంది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది."

"స్క్రీన్ వైరు పీకి మళ్ళీ పెట్టు. రెండు వైపులా. గట్టిగా."

పెట్టింది. రాలేదు. స్విచ్ ఆపి వేయమన్నాను. వేసింది. రాలేదు. కీబోర్డు, మౌస్ అన్నీ పీకేసి ఒట్టిదాన్ని ఆన్ చేయమన్నాను. అప్పటికీ రాలేదు. పదీ పంతొమ్మిది అయింది.

"ఆదివారం కెమెరా కూడా చూసుకున్నాం కదా, బాగానే ఉంది. ఆ తర్వాత ఏం చేశావు?"

"ఏం చేయలేదండీ. నాలుగు రోజులూ పుస్తకాలే చదువుకున్నా."

వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టున్నారు. "ఏం చేయకపోవడమేంటే? నిన్న తడిగుడ్డ పెట్టి దాన్నంతా తుడవలేదూ? నీళ్ళు తగిలితే పాడవుతుందని నేను చెబుతూనే ఉన్నా!"

"పైపైన తుడిచాను అత్తయ్యా. కెమెరాలో గది కనబడుతుంది కదా, దుమ్ముగా ఉందని..."

"ఎవరు తుడవమన్నారు నిన్ను?" అని కేకేశాను. రిసెప్షన్ అమ్మాయి ఉలిక్కిపడి నాకేసి చూసింది. "పరీక్ష ముందు రోజు, అదీ తడిగుడ్డ! ఇంగితం ఉండక్కర్లా?"

నేను కేకలు ఆపాకే ఫోన్‌లోంచి ఒక శబ్దం వినిపించింది. పొడుగ్గా ఒక కూత. ఆగి, మళ్ళీ అంతే పొడుగ్గా ఇంకోటి.

"ఆ కూత ఎక్కడిది?"

"కంప్యూటర్‌దే. ఇందాకటి నుంచీ అలాగే అంటోంది."

ఆ కూత ఎందుకొస్తుందో నాకు బాగా తెలుసు. ర్యామ్ ముక్క చెడితే అలా కూస్తుంది. అది తెలిసిన మరుక్షణం ఇంకో సంగతి గుర్తొచ్చింది.

మంగళవారం పొద్దున ఒక కస్టమర్ దగ్గరికి బయల్దేరుతూ మా ఇంటి కంప్యూటర్ విప్పాను. నా దగ్గర స్పేర్ లేకపోతే ఇంట్లోంచి లాగడం నాకు అలవాటే. హార్డ్ డిస్క్, ఫ్యాన్, పవర్ బాక్స్, అన్నీ అలా వెళ్ళి వచ్చినవే. ఆ రోజు ఒక మంచి ర్యామ్ ముక్క తీశాను. ముందు రోజు ఇంకెక్కడో పీకిన చెడ్డ ముక్క ఒకటి జేబులో ఉంది. జేబులో ఉంటే ఎక్కడో పారేసుకుంటానని, వారెంటీలో మార్చుకోవాల్సిన ముక్క అని, ఖాళీ అయిన ఆ స్లాట్‌లోనే దాన్ని గుచ్చేశాను. సాయంత్రం కొత్తది తెచ్చి పెడదామనుకున్నాను. పూర్తిగా మర్చిపోయాను.

"నా వల్లే అయిందండీ," అంటోంది మా ఆవిడ. ఏడుస్తోంది. "ఆరేళ్ళు కష్టపడి, నా చేత్తో నేనే నాశనం చేసుకున్నాను."

"ఇప్పుడేడిస్తే ఏం లాభం?" అంటోంది మా అమ్మ.

అప్పుడు చెప్పాలి నేను. ఒక్క ముక్క చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అమ్మ వింటోంది, ఇందాకే కేకలేశాను, ఇప్పుడు తప్పు నాదంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ముందు కంప్యూటర్ బాగుపడనీ, తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను.

"సరేలే, జరిగిందేదో జరిగింది," అన్నాను. "నేనేం అనుకోవడం లేదు. ఏడవకుండా చెప్పింది చెయ్యి."

అంటే, నేను చేసిన తప్పుకి ఆవిణ్ణి క్షమించానన్నమాట.

పదీ ఇరవై ఎనిమిది. ప్లగ్గు పీకించాను. వెనక రెండు స్క్రూలు. స్క్రూడ్రైవర్లన్నీ నా సంచిలో నాతోనే ఉన్నాయి. కూరగాయల కత్తి మొనతో తిప్పమన్నాను. ఒకటి వచ్చింది, రెండోది బిగుసుకుపోయింది. దాని మీద తొమ్మిది నిమిషాలు పోయాయి. కత్తి జారి వేలు తెగినట్టుంది, "అబ్బా" అంది. అమ్మ గుడ్డ చుట్టబోతే వద్దని తనే చుట్టుకుంది.

"మూత వచ్చింది."

"ముందు లోపలి ఇనుప రేకు ఒకసారి ముట్టుకో, ఒంట్లో స్టాటిక్ ఏదైనా ఉంటే దిగిపోతుంది. పెద్ద ఫ్యాన్ పక్కన రెండు ముక్కలు నిలువుగా, పక్కపక్కనే ఉంటాయి చూడు."

"కనబడ్డాయి."

"ఫ్యాన్‌కి దూరంగా ఉన్నదాన్ని తియ్యి. రెండు చివరలా క్లిప్పులుంటాయి, బయటికి నొక్కితే అదే పైకి లేస్తుంది."

'టక్' మని వినిపించింది. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది నాకు. చెడ్డ ముక్కలన్నిటి మీదా తెల్ల టేపు అంటించి, దాచిపెట్టిన రోజుతో సహా రాస్తాను. మంచివాటిలో కలిసిపోకుండా.

"దాన్ని పక్కన పడెయ్యి," అన్నాను గబగబా. "చూడకు. టైం లేదు."

అమ్మ అక్కడ లేనట్టుంది, వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించింది. తర్వాత మా ఆవిడ, షాపులో మందుల చీటీ చదివే గొంతుతో, నెమ్మదిగా చదివింది.

"'చెడింది. వారెంటీ. మంగళవారం.'"

నేను ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఇప్పుడేం చేయాలి?" అంది. గొంతులో ఏడుపు లేదు.

"ప్లగ్గు పెట్టి... ఆన్ చెయ్యి. ఒక ముక్కతో నడుస్తుంది. కొంచెం నిదానంగా."

పొట్టిగా ఒకే ఒక్క కూత వినిపించింది. "వచ్చింది," అంది. పదీ నలభై ఆరు. స్క్రీన్ మీద చుక్కలు తిరగడం ఐదు నిమిషాలు. పరీక్ష పేజీ తెరుచుకోవడం ఇంకో మూడు. కెమెరా ముందు గుర్తింపు కార్డు పెడితే మసకగా ఉందని రెండుసార్లు తిప్పికొట్టింది. పదీ యాభై ఎనిమిదికి ఒప్పుకుంది.

"గదిలో ఇంకో గొంతు వినపడకూడదు," అని ఫోన్ పెట్టేసింది.

తర్వాతి రెండు గంటలు నా చేతులాడలేదు. రిసెప్షన్ అమ్మాయి "ఇంకెంతసేపండీ?" అని మూడుసార్లు అడిగింది. పెట్టిన వైరే పీకి మళ్ళీ పెడుతూ కూర్చున్నాను. ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది.

ఒంటిగంటా పదికి ఫోన్ వచ్చింది.

"పాసయ్యాను. మార్కులు స్క్రీన్ మీదే చూపించారు."

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలుసు నువ్వు..." అన్నాను.

"ఆగండి. ఆ ముక్క మంగళవారం పెట్టి మర్చిపోయారు. పోనివ్వండి, ఎవరైనా మర్చిపోతారు. నేను ఏడుస్తుంటే మాత్రం మర్చిపోలేదు మీరు. రెండిట్లో చెడ్డ ముక్క ఏ వైపుందో కూడా మీకు గుర్తుంది. ఫోన్ అత్తయ్యకిస్తున్నా. ఏం చెబుతారో మీ ఇష్టం."

నేను వద్దనేలోపే ఫోన్ చేతులు మారింది.

"ఏరా, విన్నావా? పాసైంది!" అంది అమ్మ సంబరంగా. "ఆ తడిగుడ్డ వల్ల ఎంత గండం..."

"అమ్మా, తడిగుడ్డ వల్ల కాదు. చెడిపోయిన ముక్క నేనే పెట్టాను."

"అది ఏడుస్తున్నప్పుడు ఈ సంగతి తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"నేను దాన్ని అన్ని మాటలంటుంటే విన్నావా?"

"విన్నాను."

అమ్మ ఫోన్ బల్ల మీద పెట్టేసినట్టుంది, కట్ చేయడం మర్చిపోయింది. ఆవిడ నడిచి వెళ్ళడం, "వేలు చూపించు, ఎంత తెగిందో" అనడం, మా ఆవిడ మళ్ళీ ఏడవడం అన్నీ నాకు వినిపిస్తూనే ఉన్నాయి.