మనం గెలుచుకున్న నీళ్లు

తాండూరు అవతల నాపరాళ్ల గనిలో, మిట్టమధ్యాహ్నం, లతీఫ్ బండచాటుకు పోయి కూలబడ్డాడు. మూత్రం బదులు నెత్తురు పడింది. మేస్త్రీ తొంగిచూసి, "ఎండకు గట్లనే అయితది. లేచి పని చెయ్" అని గద్దించాడు.

పట్నం పెద్దాసుపత్రి డాక్టరు మాత్రం ఎండ అనలేదు. మూత్రసంచిలో క్యాన్సర్ అన్నాడు. గని బస్తీ నుంచి ఇలాంటివాళ్లు ముందూ వచ్చారట. బోరింగు నీళ్లు పరీక్షిస్తే ఆర్సెనిక్ అనే విషం కొద్దికొద్దిగా తేలిందట. రుచీ రంగూ లేని ఆ విషం ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే ఈ జబ్బుకు దారితీయొచ్చట. గని కాంట్రాక్టర్ బంగళా బావిలో అది లేదట.

"ఆ నీళ్లు మానమని మీ యూనియన్ లీడరుకు నిరుడే చెప్పాను కదమ్మా!" అన్నాడు డాక్టరు.

లతీఫ్ భార్య ఖాదర్‌బీ ఇంటినుంచి తెచ్చిన నీళ్ల సీసాను మంచం కిందికి నెట్టేసింది. ఆ బోరింగు కరువుకాలంలో సమ్మె చేసి సాధించుకున్నది. కాంట్రాక్టర్ మనుషుల లాఠీలకు లతీఫ్ తల పగిలింది దానికోసమే. మొదటి బిందె నింపి ఆమె నెత్తికెత్తినవాడు లీడరు రాజేందరే.

లతీఫ్ పోయాక జరిగిన మొదటి మీటింగులో ఆమె లేచి నిలబడింది.

"రాజేందరన్నా, నీకు ఎరుకేనా, కాదా?"

రాజేందర్ తల దించుకున్నాడు. "ఎరుకనే చెల్లె. బోరింగు మన గెలుపు. అది చెడ్డదని మనమే అంటె యూనియన్ల ఎవడుంటడు? జర మోక జూసి చెప్దామనుకున్న."

"కాంట్రాక్టర్ దుష్మన్. ఆనిమీద ఆశ లేకుండె. నిన్ను నమ్మి తాగినమన్నా! నా చేతులతోని పిల్లలకు తాపిన!"

"నువ్వు ఏ నీళ్లు తాగుతున్నవ్?" బస్తీ ఆడవాళ్లలోంచి కాశమ్మ కేకేసింది. తాండూరులో ఇల్లు కట్టుకున్న రాజేందర్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

రాళ్లు కొట్టే జంగప్ప అడ్డం వచ్చాడు. "లీడర్నే నిలదీస్తే యూనియన్ ఉంటదా?"

"యూనియనంటే గాయిన గాదు జంగప్పా, మనం" అంది ఖాదర్‌బీ.

ఆడవాళ్లంతా కలిసి బోరింగు పిడి ఊడబీకారు. బిందెలెత్తుకుని బంగళా బావి మీదికి నడిచారు. గేటు దగ్గర పోలీసు జీపు సిద్ధంగా ఉంది. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి రాజేందర్ వేలు చూపించాడు.

"గామెనే."

జీపులోకి నెడుతుంటే ఖాదర్‌బీ అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

జీపు కదలలేదు. దాని ముందు జంగప్ప అడ్డంగా పడుకున్నాడు. అతని వెనక గని గనంతా సుత్తెలు వదిలేసి వచ్చి కూర్చుంటోంది.

"లే బే!" ఇన్‌స్పెక్టర్ లాఠీ ఎత్తాడు.

"ముందుగాల గా గేటు తీయిండ్రి," అన్నాడు జంగప్ప, "మా ఆడోళ్లు నీళ్లు చేదుకుంటరు."